వెనక నిలబడ్డ మనిషి

ఆ యూనివర్సిటీలో ప్రొఫెసర్ కావాలంటే చదువు ఒక్కటే చాలదు. ఓపిక కావాలి, వయసు మించిపోకుండా ఉండాలి. అన్నిటికీ మించి, ఏ పరిశోధన చూపించి ఆ ఉద్యోగం అడుగుతున్నారో దాని మూల పత్రాలన్నిటినీ ఇంటర్వ్యూకి ముందురోజు సాయంత్రం నాలుగింటిలోపు లైబ్రరీకి అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. అప్పగించిన పెట్టెను మళ్లీ విప్పి చూసినవాడు ఇంతవరకు పుట్టలేదు. లైబ్రరీ కింది గదిలో పెట్టెలన్నీ వరసగా ఉంటాయి, వాటి మీద దుమ్ము కూడా సీనియారిటీ ప్రకారమే పేరుకుంటుంది.

మన అసోసియేట్ ప్రొఫెసర్ సోమవారం మధ్యాహ్నం క్లాసు ముగించుకుని వచ్చి, తన గదిలో బీరువా మీదున్న అట్టపెట్టెను కిందికి దించింది. శుక్రవారం పదకొండింటికి ఇంటర్వ్యూ. ఇది మూడోసారి. మొదటిసారి ఆమెకన్నా పెద్దవాడికి ఇచ్చారు, రెండోసారి ఆమెకన్నా చిన్నవాడికి ఇచ్చారు, రెండుసార్లూ ఒకటే కారణం చెప్పారు: అనుభవం. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఈసారి తప్పితే రిటైరయ్యేదాకా ఆ గదే, ఆ కుర్చీయే.

ఆమె చెప్పేది రాజనీతి శాస్త్రం. అందులోనూ ప్రభుత్వాలు గాలి గురించి, నీటి గురించి, చెత్త గురించి చేసే నిర్ణయాలు ఎవరి నెత్తిన పడతాయన్నది ఆమె పాఠం. ఏ విషయం అడిగినా "అటు చూస్తే ఇలా ఉంది, ఇటు చూస్తే అలా ఉంది" అంటుందని పిల్లలు ఆమెకి అటూఇటూ మేడమ్ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. కోపమేం లేదు. ఒకవైపే చూసేవాడు రాజకీయ నాయకుడవుతాడు గానీ రాజనీతి శాస్త్రవేత్త ఎలా అవుతాడని ఆమె వాదన. మరి తనకి పేరు తెచ్చిపెట్టిన వ్యాసంలో మాత్రం తను ఒకవైపే చూసిందని సోమవారం మధ్యాహ్నం రెండున్నరకి ఆ పెట్టె విప్పాకే తెలిసింది.

ఆ వ్యాసం పద్నాలుగేళ్ల నాటిది. నగరం చివర చెత్త కాల్చే ప్లాంటు ఒకటి ఉంది. దాన్ని మూడింతలు పెంచాలనుకున్నారు. పక్కనే కూలీల కాలనీ, నాలుగు వందల పన్నెండు ఇళ్లు. అప్పుడే పిహెచ్‌డి ముగించిన ఈమె చేతిలో ఫారాలు పట్టుకుని పదకొండు రోజులపాటు ఇల్లిల్లూ తిరిగింది. అసలు ప్రశ్న ఒక్కటే: ప్లాంటు పెంచడానికి మీకు అభ్యంతరం ఉందా? లేదన్నవాళ్లు నూట తొమ్మిది మంది. ఉందన్నవాళ్లు నూట డెబ్బై రెండు. మిగిలిన నూట ముప్పై ఒక్క ఇళ్లవాళ్లు అవుననలేదు, కాదనలేదు. నోరు విప్పలేదు.

వాళ్లని ఏం చెయ్యాలో తోచక ఆమె అప్పట్లో తన గైడు దగ్గరికి వెళ్లింది. ఆయన నవ్వాడు. "మౌనం అర్ధాంగీకారం అని పెద్దలు ఊరికే అన్నారా? అభ్యంతరం ఉన్నవాడు నోరు మూసుకుని ఊరుకుంటాడా? లేదన్నవాళ్లలో కలిపెయ్యి" అన్నాడు. కలిపేసింది. రెండు వందల నలభై అయింది. నూటికి యాభై ఎనిమిది మందికి అభ్యంతరం లేదని తేలింది. సామెత పాపం సగమే ఒప్పుకుంది, వీళ్లు మొత్తం లాగేసుకున్నారు. వ్యాసం ఇద్దరి పేర్లతో పెద్ద పత్రికలో అచ్చయింది. మౌన సమ్మతి పద్ధతి అని దానికి పేరు కూడా వచ్చింది. ప్లాంటు మూడింతలైంది. తరవాత పద్నాలుగేళ్లూ ఆమె ఎక్కడ ఉపన్యాసం ఇచ్చినా పరిచయం చేసేవాళ్లు ఆ వ్యాసం పేరే ముందు చెప్పేవాళ్లు.

ఒక్కో ఫారం రెండు కాగితాలు, మూలన పిన్ను కొట్టి ఉంటుంది. ప్రశ్నలన్నీ మొదటి కాగితంలోనే ఉన్నాయి. రెండో దాంట్లో ఒకే ఒక్క గడి, దాని కింద సంతకం. 'సమాధానం చెప్పేటప్పుడు దగ్గర ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే ఎవరు?' సర్వేకి వెళ్లేవాళ్లకి మొదటిరోజే నేర్పే సంగతి ఇది. ఆమె బుద్ధిమంతురాలు కాబట్టి అన్ని ఫారాల్లోనూ శ్రద్ధగా నింపింది. కానీ కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు టైము చాలక, మొదటి కాగితం చాలనుకుని రెండోది వదిలేసింది. ఆ తరవాత వాటి మొహం చూడలేదు. ఇప్పుడు కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామని తిప్పుతుంటే ఆమె చేతిరాతే ఆమెకి ఎదురొచ్చింది. 'ప్లాంటు సూపర్‌వైజర్.' తరవాతి దాంట్లోనూ 'ప్లాంటు సూపర్‌వైజర్.' రెండో రోజుకి చెయ్యి నొప్పెట్టినట్టుంది, వట్టి 'సూ' అని రాసుకుంటూ పోయింది.

గది తలుపు గడియ పెట్టి, పెన్సిలు తీసుకుని లెక్క మొదలుపెట్టింది. నోరు విప్పని నూట ముప్పై ఒక్క ఇళ్లలో నూట పద్దెనిమిది చోట్ల 'సూ' ఉంది. ఆ సూపర్‌వైజర్‌కి నాలుగు రోజులు జ్వరమొచ్చి రాలేదు. అభ్యంతరం చెప్పిన నూట డెబ్బై రెండు మందిలో నూట ముప్పై తొమ్మిది మంది ఆ నాలుగు రోజుల్లోనే చెప్పారు. అంటే ఆయన లేనప్పుడు నోళ్లు లేచాయి, ఆయన ఉన్నప్పుడు మూతపడ్డాయి. ఇది అర్థం చేసుకోవడానికి పిహెచ్‌డి అక్కర్లేదు.

ఆయన్ని పిలిపించుకున్నది కూడా ఆమే. ఇళ్ల నంబర్లు అస్తవ్యస్తంగా ఉన్నాయి, దారి చూపించడానికి మనిషి కావాలని ప్లాంటు ఆఫీసులో అడిగితే ఆయన్ని పంపారు. మంచివాడే. ఎండగా ఉంటే ఆమెకి గొడుగు పట్టేవాడు. తలుపు తనే తట్టి, "మేడమ్ వచ్చారు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అని గట్టిగా అనేవాడు. ఆమె బీరువాలోంచి అచ్చయిన వ్యాసం తీసి చివరి పేజీ చూసింది. 'క్షేత్రస్థాయిలో ఎంతగానో సహకరించిన ప్లాంటు సూపర్‌వైజర్ గారికి కృతజ్ఞతలు' అని ఉంది.

పాత తప్పు, ఎవరు చూడొచ్చారులే అనుకోవడానికీ లేదు. పర్యావరణ శాఖవాళ్లు ఇప్పుడు ఇంకో ఆరు పట్టణాల్లో అలాంటి ప్లాంట్లే పెట్టాలనుకుంటున్నారు. అక్కడ జనాభిప్రాయం తెలుసుకోవడానికి మౌన సమ్మతి పద్ధతినే వాడతామని, దానికి పెద్దగా ఈమెనే పెడతామని ఉత్తరం రాశారు. ఆ శాఖ అధికారి శుక్రవారం కమిటీలో ఉంటాడు. గైడు కూడా ఉంటాడు.

మంగళవారం పొద్దున భర్త ఆమెని కారులో యూనివర్సిటీకి తీసుకెళ్లాడు. ఆయనది డ్రైవింగ్ స్కూలు. పక్క సీటు కింద కూడా బ్రేకు ఉన్న కారు అది. ఆ సీట్లో ఎవరు కూర్చున్నా ఆయన కళ్లు వాళ్ల కాళ్ల మీదే ఉంటాయి.

"ఏంటోయ్, నిన్నట్నుంచి మొహం వేలాడేసుకుని తిరుగుతున్నావ్?"

ఆమె చెప్పింది. ఆయన సిగ్నల్ దగ్గర ఆగి, మొత్తం విన్నాడు.

"అయితే తప్పు జరిగిందంటావు."

"తప్పని కాదండీ. అటు చూస్తే, అప్పట్లో అందరూ అలాగే చేసేవాళ్లు..."

"ఇటు చూస్తే?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

"మా దగ్గర నేర్చుకునేవాళ్లూ ఇంతే," అన్నాడు ఆయన. "బ్రేకు వెయ్యాల్సిన చోట హారన్ కొడతారు."

"మీకేం, ఎన్నైనా చెప్తారు! పద్నాలుగేళ్లు నేను తిన్నదీ తాగిందీ ఆ వ్యాసం మీదే. అది పోతే నా దగ్గర ఏముంది?"

"నేనేం చెయ్యమన్లేదే తల్లీ. ఆ ఉద్యోగం నీకెంత కావాలో నాకు తెలీదా?"

ఆయనకి తెలుసు. ఆమె తల్లి అదే యూనివర్సిటీలో అటెండరుగా పనిచేసింది. ముప్పై ఏళ్లు ప్రొఫెసర్ల గది బయట స్టూలు మీద కూర్చుని, బెల్లు మోగినప్పుడల్లా లేచింది. ఇప్పుడు కూతురింట్లోనే ఉంటోంది. ఆ ఉదయం కూడా, "ఏ గది ఇస్తారే నీకు? కిటికీలున్న గదేనా? ఆ స్టూలు ఇంకా ఉందా?" అని వందోసారి అడిగింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అలా ఉంది కూతురి పని.

బుధవారం సాయంత్రం గైడు ఇంటికి వెళ్లింది. ఆయన రిటైరై పదేళ్లయినా ఆయన మాటకి తిరుగులేదు. చదువుకునే గదిలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఆమె చెప్పింది ఆసాంతం విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏమ్మా, ఇన్నేళ్ల తరవాత ఇప్పుడా దాన్ని కెలకడం?"

"సార్, ఆయన నా వెనకాలే నిలబడ్డాడు సార్. నూట పద్దెనిమిది గుమ్మాల్లో. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"ఎవరో ఒకరు ఎప్పుడూ వెనకాల ఉంటారమ్మా. మొగుడో, అత్తో, పక్కింటివాళ్లో. మనుషులు ఒంటరిగా కూర్చుని జవాబు చెప్పే ఊరు ఎక్కడైనా చూశావా?"

"అత్తగారు పని పీకెయ్యదు కదండీ."

ఆయన ఆ మాట విననట్టే టీ కప్పు చేతికిచ్చాడు. "నియమం ఏమంటోంది? లెక్కకి వాడిన పత్రాలు అప్పగించమంటోంది. నువ్వు వాడింది ఏది? మొదటి కాగితం. రెండోది వాడనేలేదు. వాడనిదాన్ని లైబ్రరీకి ఇచ్చి వాళ్ల చోటు ఎందుకు పాడుచెయ్యడం?"

"అంటే, చించెయ్యమంటారా సార్?"

"ఛఛ. చించమని ఎవరన్నారు? పిన్ను తియ్యమంటున్నా, అంతే. నీ మూడో ఇంటర్వ్యూ ఇది. ఈసారి నేనున్నాను. ఆ ఆరు ఊళ్ల పని నీ చేతికొస్తే అక్కడ నువ్వే జాగ్రత్తగా చేసుకోవచ్చు. ఉద్యోగం లేకుండా ఎవరిని ఉద్ధరిస్తావు చెప్పు?"

ఆమె ఏమీ అనలేదు. ఆయన దానికి "మంచిదమ్మా, శుక్రవారం కలుద్దాం" అని లేచి తలుపు దాకా వచ్చి సాగనంపాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే బస్సెక్కి కాలనీకి వెళ్లింది. ఎందుకు వెళ్లిందో అడిగితే నిజం చెప్పేది కాదు. ఆ జనానికి నిజంగానే అభ్యంతరం లేదేమో, సూపర్‌వైజర్ ఉన్నా లేకపోయినా అదే జవాబు వచ్చేదేమో, ఎవరైనా ఆ మాట అంటే హాయిగా పిన్నులు తీసుకోవచ్చని ఆశ. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినా చాలు కదా.

అప్పట్లో ఒక్క పొగగొట్టం ఉండేది, ఇప్పుడు మూడున్నాయి. గాలి ఇటు తిరిగినట్టుంది, వీధి పొడుగునా ఆడవాళ్లు ఆరేసిన బట్టలు గబగబా లోపలికి తీసుకుంటున్నారు. నోరు విప్పని ఇళ్లలో ఒకటైన నూట పదిహేడో ఫారం ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. గుమ్మంలో కుట్టుమిషను, దాని వెనక యాభై అయిదేళ్ల మనిషి. కుట్టిన తెల్లబట్టలు మసి పట్టకుండా ప్లాస్టిక్ కాగితం కప్పి ఉంచింది.

ఆవిడ తలెత్తి చూసి, కాసేపటికి గుర్తుపట్టింది. "మీరా! ఫారాలమ్మ కదూ? ఇన్నేళ్లకి గుర్తొచ్చామా?"

"ఒక్క మాట అడుగుదామని వచ్చాను అక్కా. ఆ రోజు ప్లాంటు గురించి అడిగితే మీరు జవాబు చెప్పలేదు. ఎందుకని?"

ఆవిడ మిషను ఆపింది. "ఎందుకేంటమ్మా? మా ఆయనకి పని ఇచ్చేది మీ వెనక నిలబడ్డాయనే కదా. ఆయన మొహం చూస్తూ ఏం చెప్పమంటారు?"

"నన్ను పక్కకి పిలిచి చెప్పొచ్చుగా."

"పిలుద్దామనే తలుపు ఓరగా వేశాను. ఆయన పక్కింటి తలుపు తట్టడానికి వెళ్తాడు కదా, అప్పుడు చెబ్దామని. మీరేమో గడియారం చూసుకుని, ఏదో రాసుకుని, ఆయన వెంటే వెళ్లిపోయారు. ఒక్క నిమిషం ఆగలేదు."

"నాకు తెలీలేదు అక్కా. ఆయన ఉంటే మీకు ఇబ్బందని..."

"తెలీకపోవడమేంటి?" ఆవిడ గొంతులో కోపం లేదు, విసుగు ఉంది. "మీరు ఆయన్ని చూడలేదా? గొడుగు పట్టింది మీకేగా."

లోపల్నుంచి దగ్గు వినిపించింది, ఆగకుండా, పొడుగ్గా. ఆమె అటు చూసింది.

"మా ఆయనే," అంది ఆవిడ. "పని పోయింది, దగ్గు మిగిలింది. ప్లాస్టిక్ కాస్త అటు లాగండి, మీ చెయ్యి తగిలి జారుతోంది."

ఇంత విన్న మనిషి తిన్నగా వెళ్లి పెట్టె మొత్తం లైబ్రరీలో పెట్టి వచ్చిందని చెప్పగలిగితే బాగుండేది. అలా జరగలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి గది తలుపు గడియ పెట్టుకుని, పిన్నులు తీసే చిన్న పట్టకారు తీసుకుని కూర్చుంది. ఒక్కొక్కటే తీసింది. మొదటి కాగితాలు ఒక దొంతర, రెండో కాగితాలు ఇంకో దొంతర. ఆ ఆరు ఊళ్లలో జాగ్రత్తగా చేస్తాను కదా అని తనకి తనే చెప్పుకుంది. నూట పదిహేడో ఫారం చేతికొచ్చినప్పుడు మాత్రం కిటికీ వైపు చూస్తూ పిన్ను లాగింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగితే లోకానికి కనపడదని దాని నమ్మకం. మూడున్నరకి నాలుగు వందల పన్నెండూ అయ్యాయి, బొటనవేలు బొబ్బలెక్కింది.

రెండో దొంతరను చెత్తబుట్టలో వెయ్యడానికి మనసొప్పలేదు. సంచిలో పెట్టుకుంది. మొదటి దొంతరతో లైబ్రరీకి వెళ్లేసరికి నాలుగుకి పది నిమిషాలుంది. లైబ్రరీ గుమాస్తా కాగితాలు లెక్కపెట్టాడు. ఒకటి తీసి వెలుతురుకి పట్టుకున్నాడు.

"ఒక్కో ఫారం ఒక్క కాగితమేనా మేడమ్?"

ఆమె సంచిని చంకలోకి లాక్కుంది.

"మూలన పిన్ను బెజ్జాలున్నాయి, అందుకని అడిగా. దీని వెనక ఇంకేదైనా ఉండేదా?"

ఆమె నీళ్లు నమిలింది. గుమాస్తా గడియారం చూసుకున్నాడు. ఇంటికెళ్లే టైమైంది. "సరేలెండి" అని రసీదు మీద స్టాంపు గుద్ది ఇచ్చేశాడు. ఆ రసీదు పట్టుకుని మెట్లు దిగుతుంటే ఆమెకి సంతోషం వెయ్యలేదు, భయం కూడా తగ్గలేదు.

శుక్రవారం పదకొండింటికి పిలిచారు. పొడుగాటి బల్ల, అవతల నలుగురు. మధ్యలో వైస్ ఛాన్సలర్, కుడివైపు పర్యావరణ శాఖ అధికారి, ఎడమవైపు గైడు, చివర మినిట్స్ రాసుకుంటూ రిజిస్ట్రార్. ఆమె సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంది. మొదటి అరగంట బ్రహ్మాండంగా జరిగింది. అడిగినవాటికల్లా తడుముకోకుండా చెప్పింది. విధానం కాగితం మీద ఒకలా, వీధిలో ఒకలా ఎందుకుంటుందని వైస్ ఛాన్సలర్ అడిగితే ఆమె ఇచ్చిన జవాబుకి ఆయన తలూపి, పక్కవాళ్ల వైపు తిరిగి, "ఇంకేం కావాలి మనకి?" అన్నాడు. గైడు చిరునవ్వు నవ్వాడు. కిటికీలున్న గది ఆమెకి కనపడినంత పనయింది.

అప్పుడు అధికారి ముందుకి వంగాడు. మర్యాదస్తుడు, మాటల్లో తొందర ఉంది.

"మేడమ్, మీ పద్ధతి మాకు చాలా ఉపయోగపడింది. ఈ ఆరు పట్టణాల్లో కూడా అదే వాడేస్తాం. ఇళ్లు చూపించడానికి ప్లాంటు కంపెనీవాళ్లే మనుషుల్ని ఇస్తామన్నారు. జవాబు చెప్పనివాళ్లని అభ్యంతరం లేనివాళ్లలో వేస్తాం. ఇంటర్వ్యూ అయ్యేలోపు మీ ఒప్పుదల కూడా రాయించుకుంటే మాకు ఇంకో మీటింగు తప్పుతుంది. మీకేం అభ్యంతరం లేదుగా?"

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు.

లేదనాలనుకోలేదు. ఉందనాలనే ఉంది. కడుపులోంచి వస్తోంది ఆ మాట. కానీ కళ్లు తిన్నగా గైడు మొహం మీదికి వెళ్లాయి. ఆయన ఆమెనే చూస్తున్నాడు, దయగానే చూస్తున్నాడు. ఆ ఉద్యోగం ఆయన చేతిలో ఉంది. అమ్మ గుర్తొచ్చింది. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఉంటే చాలు, ఆయన ఒక్కసారి అటు తిరిగితే చాలు, చెప్పెయ్యొచ్చు అనిపించింది. నూట పద్దెనిమిది గుమ్మాల్లో ఇదేగా జరిగిందని అప్పుడు తెలిసింది ఆమెకి. చదివి తెలుసుకున్నట్టు కాదు, చెయ్యి కాలినప్పుడు తెలిసినట్టు తెలిసింది.

"అభ్యంతరం... లేదు," అని పైకి అనుకుంటూ రిజిస్ట్రార్ రాసుకున్నాడు.

"సరే అయితే," అన్నాడు వైస్ ఛాన్సలర్. "మీరు వెళ్లొచ్చు."

"నేనింకా ఏమీ చెప్పలేదండీ," అంది ఆమె.

గొంతు కీచుగా వచ్చింది. నలుగురూ తలెత్తారు.

"నేనేమీ చెప్పలేదు. ఆయన లేదని రాసేశారు. అది కొట్టెయ్యండి. నాకు అభ్యంతరం ఉంది."

"దేనికి?" అన్నాడు అధికారి, అర్థంకాక.

"నా పద్ధతికే. అది తప్పు. చెప్పనివాళ్లు ఒప్పుకున్నట్టు కాదు, చెప్పలేకపోయినట్టు. నేను సర్వే చేసినప్పుడు ప్లాంటు సూపర్‌వైజర్ని వెంటేసుకుని తిరిగాను. ఆయన ముందు ఎవరూ నోరెత్తలేదు. ఆయన రాని నాలుగు రోజులూ దాదాపు అందరూ వద్దన్నారు. నూటికి యాభై ఎనిమిది అని నేను రాసింది అబద్ధం. చెప్పినవాళ్లలో ఎక్కువమంది వద్దనే అన్నారు."

"ఆమెకి రెండు రోజులుగా ఒంట్లో బాలేదు," అన్నాడు గైడు మెల్లగా, వైస్ ఛాన్సలర్ వైపు వంగి. "నిద్ర లేదు. మళ్లీ ఎప్పుడైనా..."

"ఒంట్లో బాగానే ఉంది సార్." ఆమె వంగి సంచిలోంచి ఆ దొంతర తీసి బల్ల మీద పెట్టింది. "ఇవి ఆ ఫారాల రెండో కాగితాలు. ఎవరి ముందు ఎవరు మాట్లాడారో వీటిలో ఉంది. నిన్న లైబ్రరీకి వీటిని ఇవ్వలేదు. పిన్నులు తీసి దాచాను. ఎవరూ తియ్యలేదు, నేనే తీశాను."

అధికారి మొహం మాడిపోయింది. వైస్ ఛాన్సలర్ పైనున్న కాగితం తీసి చూసి, మళ్లీ అక్కడే పెట్టాడు. రిజిస్ట్రార్ పెన్ను గాల్లోనే ఉంది.

"ఇదంతా రాయమంటారా?" అని అడిగాడు ఆయన, ఎవరిని అడగాలో తెలియక ఆమెనే. "మీరు పత్రాలు దాచారని రాస్తే, ప్రొఫెసర్ సంగతి తరవాత, ఉన్న ఉద్యోగం మీద కూడా విచారణ వేస్తారు మేడమ్. తెలుసుగా?"

"తెలుసండీ. రాయండి."

ఆయన రాసేదాకా ఆమె కూర్చునే ఉంది. ఒక్కో మాట చదివించుకుని, ఒకచోట తప్పు దిద్దించి, కింద సంతకం పెట్టి లేచింది. ఇంటికెళ్లి అమ్మతో ఏం చెప్పాలన్నదే బుర్రలో తిరుగుతోంది. ఏడుపు వస్తోంది, కానీ సోమవారం నుంచి బిగదీసుకుని ఉన్న భుజాలు కిందికి దిగాయి.

కారిడార్లో సగం దూరం వెళ్లేసరికి వెనక అడుగుల చప్పుడు వినిపించింది. గైడు. ఆయాసపడుతూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అంత కోపంగా ఆమె ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

"ఆ వ్యాసం మీద నా పేరు కూడా ఉందమ్మా. నాది కూడా తీసుకెళ్లి గంగలో కలిపావు. ఇంత పని చేసేముందు నన్నొక్క మాట అడగొద్దూ?"

"అడిగాను సార్," అంది ఆమె. "మొన్న బుధవారం. ఏం చెయ్యమంటారని అడిగాను."

ఆయన ఏదో అనబోయి ఆగిపోయాడు. కారిడార్లో ఎవరూ లేరు. ఆయన వెనక కూడా ఎవరూ లేరు.

"ఇప్పుడూ అడుగుతున్నాను సార్. చెప్పండి."

ఆయన కళ్లజోడు తీశాడు, తుడవలేదు. ఆమె గడియారం చూసుకోలేదు. ఆయన మాట్లాడేదాకా అక్కడే నిలబడింది.